మూలచిత్రము – అచ్చుప్రతి

నేను ముప్పదియైదేండ్లు పాలమూరు, నల్లగొండ సీమల పాఠశాలలలో పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. నాకు శబ్దములతోడి పరిచయమే గాని రంగులతోడి పరిచయము లేదు. అట్టివాడు చిత్రముల క్రయవిక్రయములను గూర్చి మాటాడుట యేమని మీరు సందేహింపవచ్చును. నా శిష్యుడొకడు తెచ్చిన తగవు నన్నీ విషయములోనికి దింపినది. అది మన యూళ్ల పెద్దలు తీర్పవలసిన తగవే గావున మీ యెదుట పెట్టుచున్నాను.

ఆ శిష్యుడు మా యూరివాడే. పట్నమున చిత్రకళ చదివి, కొలువు దొరకక, తనంత తాను చిత్రములు వ్రాసి యమ్ముకొని జీవించుచున్నాడు. రెండేండ్ల క్రిందట అతడు మా చెఱువుకట్టమీది బతుకమ్మ పండుగను నాలుగడుగుల బట్టపై వ్రాసెను. అందుకు నెలదినములు పట్టినది. తంగేడు పూల పసుపు, గునుగు పూల తెలుపు, సందెవేళ నీటిమీది యెఱుపు, కట్టమొదటి తుమ్మచెట్టుతో సహా అది మా యూరే. మా పటేలుగారు దానిని చూచి యిరువదివేల రూపాయలకు బేరము కుదుర్చుకొనిరి. అంతలో బొంబాయికి కూలికి పోయిన మా యూరివారు ఆ చిత్రమును తమ చేతి ఫోనులలో చూచి, తమకును ఒక్కొక్కటి కావలెనని కబురంపిరి. వారు ఇరువదివేలు ఎక్కడ తెత్తురు? అచ్చు వేయించి వేయి రూపాయలకు ఇచ్చెదనని శిష్యుడు చెప్పెను.

అది విని పటేలుగారు కోపించి, “నేను వేలు పోసి కొన్నది పదిమంది గోడలమీద వ్రేలాడిన, నా సొమ్మునకు విలువ యేమి? అచ్చు వేసెదవేని నాకా చిత్రమే వద్దు” అనిరి. శిష్యుడు, “సారూ, పటేలుగారి మాట వింటే వానకాలము గడుచును. బొంబాయి వారి మాట వింటే యూరివారికి ఋణము తీరును. నేనేమి చేయవలెను?” అని నా యరుగుమీద కూర్చుండెను. నేను వారిద్దఱిని వారము దినములు గడువడిగితిని.

ఆ వారములో నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది నా పొరపాటే. చాల యేండ్ల క్రిందట మేము కొందఱము పెద్దలము చందాలు పోగుచేసి, బడికి ఒక చిత్రము కొనదలచి పట్నమునకు పోతిమి. అక్కడి అంగడివాడొకడు బట్టమీది చిత్రమొకటి చూపి, “ఇది చేతితో వ్రాసినది” అని చెప్పి, తగిన వెలయే తీసికొనెను. దానిని బడిలో గోడకు తగిలించి మేము మురిసితిమి. నాలుగు దినములకు ఏడవ తరగతి పిల్లవాడొకడు ప్రకృతిశాస్త్రపు బీరువాలోని భూతద్దము తెచ్చి ఆ చిత్రముపై పెట్టి, “సారూ, ఇందులో కుంచె గీత ఒక్కటియు లేదు, అన్నియు చుక్కలే” అనెను. చూచితిని. నీలి చుక్కలు, ఎఱ్ఱ చుక్కలు, పసుపు చుక్కలు వరుసదీరి యున్నవి. అది యంత్రముపై అచ్చు వేసిన బట్ట. ఆ పిల్లవాడే ఇప్పుడు నా యరుగుమీద కూర్చున్న చిత్రకారుడు.

ఆనాడు మమ్ము బాధించినదేమి? ఆ బొమ్మ చెడ్డదని కాదు, బొమ్మ బాగుగనే యుండెను. అచ్చని చెప్పి అచ్చు వెలకు ఇచ్చియున్నచో సంతోషముగా కొనియుందుము. అచ్చును మూలమని చెప్పుటయే మోసము. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నచో పటేలుగారి తగవులో సగము తీరును.

మిగిలిన సగమునకై కావ్యమునకును చిత్రమునకును గల భేదము నెఱుగవలెను. భారతము తాళపత్రములనుండి కాగితమునకు, కాగితమునుండి అచ్చునకు వచ్చినది. ప్రతి వేఱైనను పద్యము వేఱు కాదు. అచ్చుపుస్తకములో చదివినవాడు భారతమును చదివినవాడే. చిత్రము అట్టిది కాదు. రంగు మందము, కుంచె వేగము, తప్పు దిద్దిన జాడ, చేతి వణకు, ఇవన్నియు ఆ యొక్క బట్టమీదనే యుండును. అచ్చు రూపమును చూపును గాని ఆ చేతిని చూపలేదు. కనుక అచ్చులు వేయి పుట్టినను మూలము ఒక్కటిగానే యుండును. గర్భగుడిలోని దేవుని పటములు ఇంటింట నున్నంతమాత్రమున గుడికి పోవువారు తగ్గుచున్నారా? పటము చూచినవానికే మూలవిరాట్టును చూడవలెనను కోరిక పుట్టును.

ఇప్పుడు దేశచరిత్రలో ఈ విషయమున మనకు మార్గము చూపిన మహానుభావుని గూర్చి చెప్పెదను. మీ యిండ్ల పూజగదులలో తామరపూవుమీది లక్ష్మి, వీణ పట్టిన సరస్వతి పటములు ఉన్నవి గదా. వానిలో పెక్కు రాజా రవివర్మ చిత్రములకు పిల్లలో, పిల్లల పిల్లలో. రవివర్మ 1848లో తిరువాన్కూరు సీమలోని కిలిమానూరున పుట్టి 1906లో గతించెను. బరోడా మహారాజునకై పదునాలుగు పౌరాణిక చిత్రములు వ్రాసి, బరోడాకు పంపుటకు ముందు బొంబాయిలో ప్రదర్శించినప్పుడు జనము తండోపతండములుగా వచ్చి చూచిరి. చూచిన జనులకు రాజుగారి మేడలోనికి పోవు అవకాశ మెక్కడిది? తిరువాన్కూరు, బరోడా సంస్థానములకు దివానుగా నుండిన సర్ టి. మాధవరావు, చిత్రములు కోరువారు అనేకులును వ్రాయు చేయి ఒక్కటియు గావున, కొన్ని చిత్రములను ఐరోపాకు పంపి రంగులలో అచ్చు వేయించుమని రవివర్మకు సలహా చెప్పెను. రవివర్మ అంతతో నాగక 1894లో బొంబాయిలో తానే ముద్రణాలయము నెలకొల్పెను. యంత్రములును పనివారును జర్మనీనుండి వచ్చిరి. శకుంతలా జననము తొలి అచ్చులలో నొకటి.

ఆ అచ్చు ఎట్లు వేయుదురో వినుడు. మన షాబాదు బండవలె సున్నపురాతి జాతిదే యైనను మిక్కిలి సన్నని రేణువు గల బండను నునుపు చేసి, దానిమీద జిడ్డుగల మసితో బొమ్మను ఎడమ కుడులు తాఱుమాఱుగా వ్రాయుదురు. పిదప నీటితో తడిపి సిరా పూసినచో, జిడ్డున్నచోట సిరా అంటును, తడియున్నచోట అంటదు. దానిపై కాగిత మదిమినచో బొమ్మ దిగును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క బండ కావలెను. ఒక పటము కాగితమునకు ఎక్కువరకు అదే కాగితము అనేక పర్యాయములు వేర్వేఱు బండలపై నుండి పోవలెను. వెండ్రుకవాసి జరిగినను లక్ష్మి పెదవి యెఱుపు చెక్కిలి మీదికి పోవును. ఇది చులకన పని కాదని మీకు తెలియును.

ఈ పటముల వలన రాజుల మేడలలోని దేవతలు కూలివాని గుడిసెకును వచ్చిరి. ఇది రవివర్మ చేసిన మహోపకారము. కాని వ్యాపారము ఆయనకు లాభింపలేదు. బొంబాయిలో మహామారి వ్యాపించుట, అప్పులు పెరుగుట మొదలగు కారణములచే ముద్రణాలయమును లోనావాలా దగ్గఱి మాలవలికి మార్చిరి. పిదప కొలదికాలమునకే దానిని, చిత్రములను అచ్చు వేయు హక్కుతో కూడ, అందు పనిచేయుచున్న ష్లైకర్ అను జర్మను దేశస్థునికి విక్రయించిరి. ఆ తరువాత అచ్చులు నడచినవి, పటములు దేశమంతట వ్యాపించినవి, ఇతరులు వానిని చూచి మఱల మఱల అచ్చొత్తిరి. ఆ ముద్రణాలయము 1972లో అగ్నికి ఆహుతియైనది. దీనివలన మనము నేర్వవలసిన పాఠము రెండు విధములు. అచ్చు చిత్రకారుని కీర్తిని పెంచును. అచ్చు హక్కు చేయి దాటిన పిదప కీర్తి మిగులును గాని కాసు మిగులదు.

పడమటి దేశములందును ఇదే కథ. ఇంగ్లండున హోగార్తు అను చిత్రకారుడు తన చిత్రమాలలను రాగిరేకులపై చెక్కి అచ్చొత్తి, మన కవులు గ్రంథముద్రణకు చందాదారులను గూర్చినట్లు, ముందుగా చందాలు గూర్చుకొని అమ్మెను. వెంటనే అంగళ్లవారు దొంగ అచ్చులు వేసిరి. అతడును తోడివారును పార్లమెంటునకు మొఱపెట్టుకొనగా 1735లో చెక్కడపు పనివారి హక్కును కాపాడు చట్టము వచ్చెను. హోగార్తు తన క్రొత్త చిత్రమాలను ఆ చట్టము అమలునకు వచ్చువరకు ఆపి, అప్పుడే వెలువరించెను. ఓపిక యనగా అది.

అచ్చులలోనే మఱియొక జాతి కలదు. మెదకు సీమలోని నిజాంపురమున 1940లో జన్మించిన లక్ష్మాగౌడు హైదరాబాదునందును, పిదప బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ వద్దను అభ్యసించి, రేకుపై మైనము పూసి, సూదితో గీసి, ద్రావకమున ముంచి గీతలను తినిపించి అచ్చు తీయు విద్యలో ప్రసిద్ధుడయ్యెను. మన పల్లెల మేకలు, రాళ్లు, స్త్రీపురుషులు ఆయన గీతలలో నిలిచినవి. 2016లో ఆయనకు పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఈ పద్ధతిలో ముందొక మూలచిత్రముండి దానికి నకలు తీయుట లేదు. కళాకారుడు రేకునే తన చిత్రఫలకముగా చేసికొనును. ఆ రేకునుండి దిగిన ప్రతి కాగితమును మూలమే. ఎన్ని తీయవలెనో ముందే నిర్ణయించి, ప్రతి కాగితము క్రింద సీసపుకడ్డీతో సంఖ్య వేసి చేవ్రాలు చేయుదురు. 7/50 అని యున్నచో ఏబదింటిలో ఏడవది యని యర్థము. బట్టమీది చిత్రమునకు యంత్రముపై తీసిన అచ్చు వేఱు, ఈ విధమైన మూలముద్ర వేఱు. కొనువారు ఈ రెండింటిని కలగలుపరాదు.

నల్లగొండ పెద్దలకు ఈ భేదము పోచంపల్లి చీరలతో ఇంకను సులభముగా తెలియును. మన నేతగాడు నేయుటకు ముందే నూలునకు చిటికీలు కట్టి, రంగులలో ముంచి, పిదప మగ్గమున కెక్కించును. అందువలన రంగు బట్టకు రెండువైపులను సమానముగా నుండును, అంచులలో కొంచెము చెదరినట్లు కనబడును. మిల్లుబట్టమీద అదే నమూనాను అచ్చొత్తినచో రంగు ఒకవైపే నిండుగా నుండును. అచ్చు చీరను అచ్చు చీర యని వందలకు అమ్మినచో బీదవారు కట్టుకొందురు, తప్పులేదు. దానినే పోచంపల్లి యని వేలకు అమ్మినచో నేతగాని కడుపు కొట్టినట్లే. 2005లో పోచంపల్లి నేతకు భౌగోళిక గుర్తింపు కలిగినది ఈ పేరును కాపాడుటకే.

అచ్చే వలదు, మూలమే చాలునందురా? చేర్యాల నకాశీల సంగతి చూడుడు. వారు ఖాదీబట్టకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, గజముల కొలది పొడవుగా కులపురాణములను వ్రాసెడివారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు ఆ పటమును విప్పుచు, చుట్టుచు, కథ చెప్పెడివారు. పటము పాతబడినచో ఏటిలో నిమజ్జనము చేసి క్రొత్తది వ్రాయించెడివారు. పటము ఒక్కటే యైనను దానిని పోషించు కులము వెనుక నుండెను. కథ వినువారు తగ్గగానే పటము వ్రాయించువారును తగ్గిరి. నకాశీలు పొడవు పటము విడిచి, గోడకు తగిలించు చిన్నచిన్న పటములు వ్రాసి యమ్మి బ్రతుకవలసివచ్చెను. పోషకుడు పోయినచోట అంగడి రాక తప్పదు. అంగడిలోనికి ధర్మముగా ఎట్లు పోవలెననునదే మన ప్రశ్న.

బడిపంతులను గనుక ఒక లెక్క చెప్పక మానను. ఇవి కేవలము ఉదాహరణకు తీసికొన్న అంకెలు. ఒక అచ్చునకు ఖర్చు 300 రూపాయలు, అమ్మకపు వెల 1,000 రూపాయలు, అందు అంగడివాని భాగము 300 రూపాయలు అనుకొందము. చిత్రకారునికి వచ్చునది 700. ఏబది అచ్చులు ఒక్కసారి వేయించినచో ముందు 15,000 పెట్టుబడి. ఏబదియు అమ్ముడైనచో 35,000 వచ్చును, లాభము 20,000. అనగా మూలచిత్రమును ఇంకొకసారి అమ్మినంత. కాని ఇరువదియే అమ్ముడైనచో వచ్చునది 14,000. వేయి రూపాయల నష్టము, పెట్టెలో ముప్పది కాగితములు. కనుక ఒక్కసారిగా వేయింపరాదు. ఇప్పుడు సిరాను సన్నని తుంపరగా చిమ్ము యంత్రములు వచ్చినవి. వానిపై పదేసి, అయిదేసి కూడ వేయించుకొనవచ్చును. పది వేయించినచో పెట్టుబడి 3,000. అయిదు అమ్ముడైనంతనే 3,500 వచ్చి మొదలు తిరిగివచ్చును. మొత్తము ఏబదికి మించనని ముందే ప్రకటించి, పదిపదిగా వేయించుట క్షేమము. ఏబది యని చెప్పి ఏబదియొకటవది వేసినచో అది దొంగతనమే. తెలిసినవాడు లేడనుకొనరాదు, భూతద్దము గల పిల్లవాడొకడు ప్రతి యూరను ఉండును.

ఇక చట్టపు మాట. మన దేశమున 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము చిత్రములకును వర్తించును. తన యిచ్ఛచొప్పున వ్రాసిన చిత్రమును అమ్మినంతమాత్రమున అచ్చు వేయు హక్కు కొన్నవానికి పోదు. హక్కును ఇయ్యదలచినచో వ్రాసి సంతకము చేసి ఇయ్యవలెను. ఆ హక్కు చిత్రకారుని జీవితకాలమును, అతని పిదప అఱువది సంవత్సరములును ఉండును. కాని ఒక మెలిక కలదు. ఒకరు కోరగా వారివద్ద మూల్యము తీసికొని వ్రాసిన చిత్రమునకు, వేఱు ఒడంబడిక లేనియెడల, వ్రాయించినవారే మొదటి హక్కుదారులగుదురు. కావున గుడికిగాని, బడికిగాని, పెద్దల నిలువెత్తు రూపమునకు గాని పని ఒప్పుకొనునప్పుడే, అచ్చు హక్కు ఎవరిదో కాగితముపై పెట్టుకొనవలెను. పొలము కౌలునకు ఇచ్చునప్పుడు గట్టుమీది చెట్టు ఎవరిదో వ్రాసికొను మనము ఇక్కడ ఏల ఊరకుండవలెను?

వారము గడచినది. పటేలుగారును శిష్యుడును మఱల వచ్చిరి. నేను పటేలుగారితో ఇట్లంటిని: “అయ్యా, మీరు కొనుచున్నది బొమ్మ యొక్క రూపమును కాదు, ఆ నెలదినముల చేతిపనిని. దానిని ఎవరును అచ్చు వేయలేరు. రూపము మాత్రము మా యందఱిది. ఆ చెఱువు మీ యింటిలో దాగునది కాదు గదా.” ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, “అచ్చును చూచి ఇదియే మూలమని ఎవడైన నన్నచో?” అని అడిగిరి. అది న్యాయమైన ప్రశ్న. ఆయన భయము మాన్పుటకే మేము ముగ్గురము కూర్చుండి ఈ షరతులు వ్రాసికొంటిమి.

మూలచిత్రము పటేలుగారిది. అచ్చు మూలములో సగము కొలతకు మించరాదు, బట్టమీద గాక కాగితముమీదనే యుండవలెను. అచ్చులు ఏబదికి మించరాదు. ప్రతిదాని క్రింద సంఖ్యయు, చేవ్రాలును, “అచ్చుప్రతి” యను మాటయు ఉండవలెను. వెనుకవైపున మూలచిత్రము ఏ యూర, ఎవరి యింట నున్నదో వ్రాయవలెను. మొదటి ప్రతి మా బడికి ఉచితముగా ఇయ్యవలెను. చివరి షరతు పటేలుగారే చెప్పిరి. బతుకమ్మ పండుగ తొమ్మిది దినములును ఊరివారెవరు వచ్చినను మూలచిత్రమును చూచుటకు తలుపు తెఱచి యుంచెదరట. తన పేరు ఏబది కాగితముల వెనుక నుండుననగానే ఆయన మనస్సు కొంత మెత్తబడినదని నేను గ్రహించితిని. మానవసహజము, అందు తప్పులేదు.

ఇంతవరకు అచ్చులు ముప్పదియొకటి అమ్ముడైనవి, శిష్యుడు నష్టపడలేదు. ధనవంతుడును కాలేదు. వానలో నొక యిరువది బొంబాయికి పోయినవి. మా చిన్ననాట దేవుని పటములు బొంబాయినుండి పాలమూరునకు వచ్చెడివి. ఇప్పుడు పాలమూరు చెఱువుకట్ట బొంబాయికి పోయినది. అక్కడ ఇటుకలు మోయు మా యూరి కూలివాడొకడు, నలుగురుండు గదిలో ఆ పటమును తగిలించితినని, తన బిడ్డకు దానినే చూపి మన యూరి తుమ్మచెట్టు ఇదియని చెప్పుచున్నానని నాకు ఫోనుచేసి చెప్పెను. ఇరువదివేల మూలము ఆ గదికి ఎన్నడును పోజాలదు.

మహాశయులారా! మీ యూర చిత్రములు వ్రాయు పిల్లవాడున్నచో, అతడు అచ్చు వేసి అమ్మినంత మాత్రమున చులకన చేయకుడు. అచ్చుప్రతి అని వ్రాసెనా, సంఖ్య వేసెనా, వెల తగియున్నదా అని మాత్రమడుగుడు. మీరు కొనునప్పుడు వాని హక్కును వానికి విడిచి కాగితము వ్రాయుడు. అచ్చు కొన్నవాడు మూలమును చూడ వచ్చినచో తలుపు తెఱువుడు. చెఱువునీరు పదిమంది త్రాగినందువలన చెఱువునకు మర్యాద తగ్గదు. గండిపడకుండ కట్టను కాచుట మాత్రము పెద్దల పని.

సెలవు.